సబ్‌స్టెన్స్ అంటే పదార్థమేనా?

ప్రశ్న: నమస్తే అండి. నేను ఆరు నెలలుగా ఇంగ్లీష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. పోయిన వారం ఒకే మాట నాకు ఐదు చోట్ల అడ్డుపడింది, సబ్‌స్టెన్స్. సైన్స్ పాఠంలో ప్యూర్ సబ్‌స్టెన్స్, ఆరోగ్యం కరపత్రంలో సబ్‌స్టెన్స్ యూజ్ డిజార్డర్, ఫిలాసఫీ వీడియోకి సబ్‌టైటిల్స్ రాస్తుంటే స్పినోజాకి ఉన్నది ఒకటే సబ్‌స్టెన్స్ అన్న వాక్యం, ఒక పాత కథలో మ్యాన్ ఆఫ్ సబ్‌స్టెన్స్. డిక్షనరీలో మొదట ఉన్నది అదే కదా అని అన్నిచోట్లా పదార్థం అని రాశాను. సైన్స్ పాఠం తప్ప మిగతావన్నీ తిప్పి పంపారు. ఐదోది నా గురించే. పుస్తకాలు చదవడం మీద నేను సొంతంగా రాసిన వ్యాసం పంపిస్తే ఎడిటర్ గారు "రీడ్స్ వెల్, లాక్స్ సబ్‌స్టెన్స్" అని ఒక్క ముక్క రాశారు. అది చూశాక రెండు రోజులు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. అసలు ఈ మాటకి నిజమైన అర్థం ఏది? అన్నిటికీ సరిపోయే తెలుగు మాట ఒకటి చెప్పగలరా? వ్యాసం కూడా జత చేశాను.

జవాబు:

మీ వ్యాసం చదివాను, దాని గురించి చివర్లో చెప్తాను, ముందు మాట సంగతి చూద్దాం.

అన్నిటికీ సరిపోయే ఒక్క తెలుగు మాట లేదండి. ఉందేమో అని వెతుకుతూ టైమ్ పోగొట్టుకోకండి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో మీలాగే పదార్థం అనే మాటని పట్టుకుని వదల్లేదు. ఒకసారి ఒక ఆరోగ్య కరపత్రంలో సబ్‌స్టెన్స్ అబ్యూజ్ అని ఉంటే "పదార్థ దుర్వినియోగం" అని రాసిచ్చాను, వ్యాకరణం కరెక్టే, స్పెల్లింగ్ కరెక్టే, అచ్చు కూడా అయిపోయింది, తర్వాత ఆ కాగితాలు ఇంటింటికీ పంచిన ఒక నర్సు చెప్పారు, చదివినవాళ్ళు ఇదేదో సామాన్లు వృథా చేయొద్దని చెప్పే కాగితం అనుకుని పక్కన పెట్టేశారని. తాగుడుతోనో మాత్రలతోనో అవస్థ పడుతున్న ఇంటికి ఆ కాగితం వెళ్ళింది, కానీ అందులో ఉన్నది తమ గురించే అని ఆ ఇంట్లోవాళ్ళకి తెలియలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అప్పటినుంచే ఈ ఒక్క మాట వెనకాల పడి దాని పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలుపెట్టాను, అందుకే మీ ఉత్తరం చూడగానే మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టి దీనికే కూర్చున్నాను.

లాటిన్‌లో సబ్ అంటే కింద, స్టారే అంటే నిలబడటం. సబ్‌స్టాన్షియా అంటే కింద నిలబడి ఉన్నది. ఫ్రెంచ్ మీదుగా సుమారు 1300 నాటికి ఇంగ్లీష్‌లోకి వచ్చింది. ఈ స్టారే, సంస్కృతంలో స్థా అనే ధాతువు ఒకే వేరు నుంచి పుట్టినవే, మన స్థితి, స్థానం, స్థిరం అన్నీ అక్కడివే. అంటే ఈ మాట మనకి పూర్తిగా పరాయిది కాదు, దూరపు చుట్టం.

కానీ లాటిన్ వాళ్ళు కూడా దీన్ని ఊరికే పుట్టించలేదు, గ్రీకు మాటలకి అనువాదంగా వాడుకున్నారు, గొడవంతా అక్కడే మొదలైంది. గ్రీకులో రెండు మాటలున్నాయి. ఒకటి ఊసియా, ఇది "ఉండు" అనే క్రియ నుంచి వచ్చింది, ఉనికి అనుకోండి. రెండోది హైపోస్టాసిస్, అక్షరాలా కింద నిలిచినది, పాత గ్రీకు వైద్యులు ద్రవాల్లో అడుగున పేరుకునే మడ్డిని కూడా ఇదే మాటతో పిలిచారు. అక్షరాలా చూస్తే సబ్‌స్టాన్షియా హైపోస్టాసిస్‌కి అచ్చు నకలు, కానీ లాటిన్ రచయితలు దాన్ని ఊసియాకి కూడా వాడేశారు. రెండు మాటల బరువు ఒక్కదాని మీద పడింది. దీనివల్ల క్రైస్తవ మత పండితుల మధ్య ఎంత తర్జనభర్జన జరిగిందంటే, 325లో నైసియాలో జరిగిన సభలో తండ్రీ కుమారుడూ ఒకే ఊసియా అని తీర్మానించాక కూడా గ్రీకువాళ్ళు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ గురించి "ఒక ఊసియా, మూడు హైపోస్టాసిస్‌లు" అంటే లాటిన్‌వాళ్ళ చెవికి అది మూడు సబ్‌స్టెన్స్‌లు అన్నట్టు, అంటే ముగ్గురు దేవుళ్ళు అన్నట్టు వినిపించేది. కాబట్టి ఈ మాట దగ్గర తడబడిన మొదటి అనువాదకులు మీరు కాదు, పదిహేడు వందల ఏళ్ళ కిందటే పెద్దపెద్దవాళ్ళు తడబడ్డారు.

దీని జాడ ఒకే పుస్తకంలో కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీష్ బైబిల్‌లో తప్పిపోయిన కొడుకు కథ ఉంది కదా, ఆ కుర్రాడు దూరదేశం పోయి తన సబ్‌స్టెన్స్ అంతా తగలేశాడు అని రాశారు, గ్రీకు మూలంలో అక్కడ ఊసియా. అదే పుస్తకంలో హెబ్రీయుల పత్రికలో విశ్వాసం అంటే మనం ఆశించేవాటి సబ్‌స్టెన్స్ అని ఉంది, గ్రీకులో అక్కడ హైపోస్టాసిస్. ఇప్పుడు తెలుగు బైబిల్ తీసి చూడండి, మొదటి చోట "ఆస్తి", రెండో చోట "నిజస్వరూపము". ఇంగ్లీష్‌లో ఒక్కటైపోయిన మాట తెలుగులో మళ్ళీ రెండుగా విడిపోయింది! దీన్ని ఒక పాఠంలాగా దగ్గర పెట్టుకోండి. ఆ అనువాదకులు రెండు చోట్లా పదార్థం అని రాయలేదు, ఆ వాక్యంలో ఏం జరుగుతోందో చూసి రాశారు.

ఇప్పుడు మీ మ్యాన్ ఆఫ్ సబ్‌స్టెన్స్ తేలిపోయినట్టే కదా. పాత కథలో ఆ మాట వస్తే చాలావరకు డబ్బున్నవాడు అనే అర్థం. ఉనికి అనే మాటకి ఆస్తి అనే అర్థం ఎలా వచ్చిందా అని మనం ఆశ్చర్యపోనక్కర్లేదు, తెలుగులోనూ అంతే. మనం డబ్బున్నవాళ్ళని ఏమంటాం? ఉన్నవాళ్ళు అంటాం. లేనివాళ్ళని లేనివాళ్ళు అంటాం. ఏమున్నవాళ్ళు, ఏం లేనివాళ్ళు అని ఎవరూ అడగరు. కలిమి అనే మాట కూడా "కల" అంటే ఉన్న అనేదాని నుంచే, లేమి "లేదు" నుంచే. ఆస్తి కూడా సంస్కృతంలో "ఉంది" అని చెప్పే అస్తి నుంచి వచ్చిందే అంటారు. గ్రీకువాడు ఊసియా అన్నా మనం ఉన్నవాడు అన్నా ఆలోచన ఒకటే. మీ కథ పాతకాలపుది కాబట్టి నేనైతే "స్థితిమంతుడు" అని రాస్తాను. అందులో స్థితి ఉంది, ఆ స్థితిలో పైన చెప్పిన నిలబడటం ఉంది, డబ్బుతోపాటు నలుగురిలో కాస్త గౌరవం కూడా వినిపిస్తుంది, ఇంగ్లీష్‌లోనూ ఆ ఛాయ ఉంది. ఒక్క జాగ్రత్త. ఇవాళ్టి రచనల్లో ఎ వుమన్ ఆఫ్ సబ్‌స్టెన్స్ లాంటి ప్రయోగం వస్తే అది డబ్బు గురించి కాకపోవచ్చు, వ్యక్తిత్వం గురించి కావచ్చు. అప్పుడు "విషయం ఉన్న మనిషి" అనండి, మనవాళ్ళు రోజూ అనేదే.

ఇక పదార్థం అనే మాట దగ్గరికి వద్దాం, నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే. మనం స్కూల్లో పదార్థం అంటే బరువుండి చోటు ఆక్రమించేది అని బట్టీపట్టాం. కానీ ఆ మాటని విడదీసి చూడండి, పద, అర్థం. పదం యొక్క అర్థం! అంటే ఒక మాట దేన్ని సూచిస్తుందో అది. మన పాత తత్వశాస్త్ర శాఖల్లో ఒకటైన వైశేషిక దర్శనంలో పదార్థం అంటే అదే, మాటతో చెప్పగలిగేది ఏదైనా పదార్థమే. అన్నంభట్టు అనే పండితుడు తర్కసంగ్రహం అనే పుస్తకంలో ఏడు పదార్థాలు చెప్పాడు, ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం (విడదీయలేని సంబంధం), అభావం. ఆ చివరిది చూశారా, అభావం, అంటే లేకపోవడం. బల్ల మీద కుండ లేదు అంటే ఆ లేకపోవడం కూడా ఒక పదార్థమే వాళ్ళ లెక్కలో. గుణం పదార్థమే, కదలిక పదార్థమే. మరి ఇంగ్లీష్ ఫిలాసఫీ వాళ్ళు సబ్‌స్టెన్స్ అనేది ఇందులో దేనికి దగ్గర? ద్రవ్యానికి. గుణాలూ పనులూ దేన్ని ఆశ్రయించి ఉంటాయో అది ద్రవ్యం. అరిస్టాటిల్ కూడా ఇంచుమించు ఇదే చెప్పాడు, ఈ మనిషి, ఈ గుర్రం, ఇవి ముందుగా ఊసియాలు, తెలుపు అనేదీ పొడుగు అనేదీ ఉత్తినే గాల్లో ఉండవు, ఏదో ఒక మనిషినో గుర్రాన్నో పట్టుకుని ఉంటాయి అని. కింద నిలబడి మోసేది ఊసియా, పైన ఉండేవి గుణాలు.

కాబట్టి తత్వశాస్త్రంలో సబ్‌స్టెన్స్‌ని పదార్థం అని రాస్తే అది కొంచెం తేడా అని ఊరుకునే తప్పు కాదు, మన శాస్త్రం తెలిసినవాళ్ళకి లెక్కే తారుమారవుతుంది, ఎందుకంటే వాళ్ళకి గుణం కూడా పదార్థమే. అలాగని ద్రవ్యం అంటే కంటికి కనబడే వస్తువు అని కూడా అనుకోకండి. వైశేషికులు చెప్పిన తొమ్మిది ద్రవ్యాల్లో భూమి, నీరు, తేజస్సు, వాయువు, ఆకాశంతోపాటు కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు కూడా ఉన్నాయి. యూరప్‌లో డెకార్ట్ అనే ఫ్రెంచ్ తత్వవేత్త మనస్సు ఒక సబ్‌స్టెన్స్, శరీరం ఇంకో సబ్‌స్టెన్స్ అన్నాడు కదా, అక్కడ పదార్థం అని రాస్తే చదివేవాడికి మనస్సు ఏదో ముద్దలాగా కనిపిస్తుంది, ఆయన చెప్పదలుచుకున్నదానికి అది పూర్తిగా వ్యతిరేకం.

మీ స్పినోజా వాక్యం కూడా ఇక్కడి నుంచే పుట్టింది. డెకార్ట్ 1644లో రాసినదాని ప్రకారం సబ్‌స్టెన్స్ అంటే తను ఉండటానికి ఇంకోటి అవసరం లేనిది. అలా చూస్తే గట్టిగా ఆ పేరుకి తగినవాడు దేవుడొక్కడే, మనస్సూ శరీరాలూ దేవుడి మీద ఆధారపడినవి కాబట్టి వాటిని కొంచెం సడలింపు ఇచ్చి సబ్‌స్టెన్స్ అంటున్నాం అని ఆయనే ఒప్పుకున్నాడు. స్పినోజా ఆ సడలింపు తీసేశాడు, అంతే. 1677లో ఆయన చనిపోయాక అచ్చయిన నీతిశాస్త్ర గ్రంథంలో ఉన్నది ఒక్కటే, దాన్ని దేవుడు అనండి ప్రకృతి అనండి, మనమూ మన ఆలోచనలూ అన్నీ దాని రూపాలే అన్నాడు. ఇది తెలిశాక మీ సబ్‌టైటిల్‌కి నామవాచకం కోసం తడుముకోవాల్సిన పనే లేదు, "స్పినోజా ప్రకారం తనంతట తానుగా ఉన్నది ఒక్కటే" అని రాయండి. రెండు సెకన్లలో చదివేస్తారు, ఆయన చెప్పిందీ అదే. వ్యాసం అయితే ద్రవ్యం అని వాడి మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించండి, ఎందుకంటే మామూలు పాఠకులకి ద్రవ్యం అంటే డబ్బు గుర్తొస్తుంది, ద్రవ్యోల్బణం అని రోజూ వింటున్నారు కదా. (చూడండి, మళ్ళీ ఇక్కడా ఉనికి పక్కనే డబ్బు వచ్చి కూర్చుంది!)

సైన్స్ పాఠం తిప్పి పంపలేదన్నారు, మంచిదే, కానీ అక్కడా ఒక మెలిక ఉంది. ఇంగ్లీష్‌లో మ్యాటర్ వేరు, సబ్‌స్టెన్స్ వేరు, మన పుస్తకాల్లో రెండింటికీ పదార్థమే. మ్యాటర్ అంటే మొత్తంగా ద్రవ్యరాశి ఉండి చోటు పట్టేది ఏదైనా. కెమిస్ట్రీలో సబ్‌స్టెన్స్ అంటే నిర్దిష్టమైన కూర్పు ఉన్న ఒక రకం. నీరు ఒక సబ్‌స్టెన్స్, ఉప్పు ఒక సబ్‌స్టెన్స్, ఇనుము ఒకటి. ఉప్పునీళ్ళు మ్యాటరే కానీ ఒక సబ్‌స్టెన్స్ కాదు, మిశ్రమం. ఒకే వాక్యంలో రెండు మాటలూ వస్తే మ్యాటర్‌కి పదార్థం అని, సబ్‌స్టెన్స్‌కి శుద్ధ పదార్థం అని విడగొట్టండి, పిల్లలు తికమక పడరు. ఇంకో చోట ఎమౌంట్ ఆఫ్ సబ్‌స్టెన్స్ అని వస్తుంది, అక్కడ చాలామంది బరువు అనుకుని రాసేస్తారు. అది బరువు కాదు, రేణువుల లెక్క. దాని కొలమానం మోల్, 1971లో అంతర్జాతీయ ప్రమాణాల్లో చేర్చారు, 2019 మే 20 నుంచి ఒక మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ రేణువులు. సుమారు 18 గ్రాముల నీళ్ళు ఒక మోల్, సుమారు 56 గ్రాముల ఇనుము కూడా ఒక మోల్, బరువులు వేరు, ఎమౌంట్ ఆఫ్ సబ్‌స్టెన్స్ మాత్రం సమానం. పదార్థ పరిమాణం అని రాసి పక్కనే "మోల్‌లలో" అని తగిలించండి, సరిపోతుంది.

పేరు తెలియని దాన్ని కూడా ఇంగ్లీష్‌వాళ్ళు సబ్‌స్టెన్స్ అనేస్తారు, ఏదో జిగటగా ఉన్న సబ్‌స్టెన్స్ దొరికింది అని పోలీసులు చెప్తుంటారు కదా, అలా. సైన్స్‌లోనూ ఇలా పేరు స్థిరపడిపోయింది ఒకటి ఉంది. 1931లో ఆయిలర్, గాడమ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు గుర్రం మెదడు నుంచీ పేగుల నుంచీ తీసిన సారంలో రక్తపోటుని తగ్గించేది ఏదో ఉందని గమనించారు, అదేంటో తెలియదు, పొడి రూపంలో ఉన్న ఆ తయారీని పీ అని గుర్తుపెట్టుకున్నారు, అది సబ్‌స్టెన్స్ పీ అయింది. అందులో పదకొండు అమైనో ఆమ్లాలు వరుసగా ఉన్నాయని తెలియడానికి 1970ల దాకా పట్టింది, నొప్పి సంకేతాలు మోయడంలో దానికి పాత్ర ఉందనీ తెలిసింది, పేరు మాత్రం మారలేదు. ఇలాంటి పేరు ఎదురైతే అనువాదం చేయకండి, సబ్‌స్టెన్స్ పీ అనే ఉంచండి. పోలీసుల వాక్యంలో అయితే "ఏదో జిగట పదార్థం" బాగుంటుంది, ఆ "ఏదో" చాలా ముఖ్యం, సగం అర్థం అందులోనే ఉంది.

ఇప్పుడు కరపత్రం. ఇక్కడ మీరు తొందరపడొద్దు, ఎందుకంటే మిగతా నాలుగు చోట్లా తప్పు రాస్తే ఎడిటర్ తిప్పి పంపుతారు, ఇక్కడ తప్పు రాస్తే ఒక మనిషికి సాయం అందకుండా పోతుంది. ముందు వాళ్ళు డ్రగ్ అనకుండా సబ్‌స్టెన్స్ అని ఎందుకన్నారో చూడండి. ఐక్యరాజ్యసమితి 1961 ఒప్పందం పేరులో నార్కోటిక్ డ్రగ్స్ అని ఉంది, 1971లో ఇంకో ఒప్పందం వచ్చేసరికి సైకోట్రోపిక్ సబ్‌స్టెన్సెస్ (మనసు మీద పనిచేసేవి) అన్నారు, ఎల్‌ఎస్‌డీ లాంటివీ, నిద్రమాత్రల్లో కొన్నీ అందులోకి తెచ్చారు. డాక్టర్ల వాడుకలో అయితే ఈ మాట ఇంకా వెడల్పు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన వ్యాధి నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో సబ్‌స్టెన్సెస్ కింద పది తరగతులు పెట్టారు, అందులో మద్యం ఉంది, పొగాకు ఉంది, గంజాయి ఉంది, పీల్చే జిగురూ పెయింటు లాంటివి ఉన్నాయి, డాక్టరే రాసిచ్చే నొప్పి మందులూ మత్తు మందులూ ఉన్నాయి, కాఫీలో ఉండే కెఫీన్ కూడా ఉంది. ఇప్పుడు మీరు మాదకద్రవ్యాలు అని రాశారనుకోండి, రోజూ తాగే మనిషి ఇది నా గురించి కాదు అనుకుంటాడు, డాక్టరు రాసిచ్చిన మాత్రలు వదల్లేకపోతున్న మనిషీ అలాగే అనుకుంటుంది. నేను అప్పట్లో చేసిన తప్పు వేరే దారిలో మళ్ళీ జరిగినట్టే.

అదే 2013 గ్రంథంలో ఇంకో మార్పు కూడా చేశారు, అంతకుముందు అబ్యూజ్ అనీ డిపెండెన్స్ అనీ రెండుగా ఉన్నవాటిని తీసేసి యూజ్ డిజార్డర్ అని ఒకటే పెట్టారు. మీ కరపత్రంలో యూజ్ డిజార్డర్ అని ఉంది, కాబట్టి దుర్వినియోగం, దురలవాటు, వ్యసనపరుడు లాంటి మాటలేవీ మీరు తేకూడదు, ఇంగ్లీష్‌లో తీసేసిన నిందని తెలుగులో మనం తిరిగి అంటించినట్టవుతుంది. నా సలహా, శీర్షికలో "మద్యం, పొగాకు, మత్తు కలిగించే మందుల వాడకం అదుపు తప్పితే" అని పెట్టండి, లోపల మొదటిసారి వచ్చినప్పుడు "మత్తు పదార్థాల వాడక రుగ్మత" అని వైద్యం పేరు చెప్పి, అది ఒక జబ్బనీ చికిత్స ఉందనీ అదే వాక్యంలో రాయండి. పొడుగవుతుంది అని డిజైన్ చేసేవాళ్ళు గొడవపెడితే మీరు తగ్గకండి, అక్షరాల సైజు తగ్గించుకోమనండి. అచ్చుకి ముందు ఇంగ్లీష్ రాని ఇద్దరితో చదివించి "ఇది ఎవరి గురించి?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న నేను అప్పుడు అడిగుంటే బాగుండేది.

కోర్టుల్లోనూ లెక్కల్లోనూ ఈ మాట ఇంకోలా వస్తుంది, మీకు ఇంకా తగల్లేదు గానీ తగులుతుంది. సబ్‌స్టాంటివ్ లా అంటే హక్కులూ బాధ్యతలూ చెప్పే చట్టం, కేసు ఎలా నడపాలో చెప్పే విధానాలకి ఎదురు. అకౌంటింగ్‌లో సబ్‌స్టెన్స్ ఓవర్ ఫామ్ అంటారు, ఒకాయన యంత్రాన్ని అమ్మినట్టు కాగితం రాసి, ఏడాది తర్వాత ఎక్కువ ధరకి తనే కొనుక్కుంటానని ఇంకో కాగితం రాశాడనుకోండి, పైకి అది అమ్మకం, అసలు జరిగింది అప్పు, కాబట్టి లెక్కల్లో అప్పుగానే చూపించాలి. ఇక్కడ "పైరూపం కాదు, అసలు సంగతి" అంటే చాలు. అన్‌సబ్‌స్టాన్షియేటెడ్ అంటే ఆధారాల్లేని, సబ్‌స్టాన్షియల్ అంటే చెప్పుకోదగ్గంత, ఈ రెండూ వార్తల్లో రోజూ వచ్చేవే, పెద్ద కష్టం లేదు.

గమనించారా, నేను ప్రతిచోటా దేనికి ఎదురుగా అని అడుగుతూ వచ్చాను. మీకు నేను ఇవ్వగలిగిన సాధనం అదొక్కటే. సబ్‌స్టెన్స్ అనే మాట వాక్యంలో కనబడితే డిక్షనరీ తెరవకముందు, ఇక్కడ దీనికి ఎదురుగా నిలబెట్టింది దేన్ని అని చూడండి. మిశ్రమానికి ఎదురైతే శుద్ధ పదార్థం. గుణానికి ఎదురైతే ద్రవ్యం. పేదరికానికి ఎదురైతే ఆస్తి. విధానానికి ఎదురైతే హక్కులూ బాధ్యతలూ. మాటల పొడుగుకి ఎదురైతే సారాంశం, ఆయన చెప్పినదాని సబ్‌స్టెన్స్ ఇదీ అన్నప్పుడు వచ్చేది అదే. ఎదురుగా ఉన్నది వాక్యంలో కనబడకపోతే ముందు వెనక రెండు పేరాలు చదవండి, దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. నిజమైన అర్థం ఏది అని అడిగారు కదా, ఇవన్నీ నిజమైనవే. కింద నిలబడి ఉన్నది అనే పాత ఊహ అన్నిట్లోనూ ఉంది, కానీ దేని కింద అనేది ఆ వాక్యమే చెప్పాలి.

అలా చూస్తే మీ ఎడిటర్ గారి మాటలో ఎదురెదురుగా ఉన్నవి ఏంటి? రీడ్స్ వెల్, లాక్స్ సబ్‌స్టెన్స్. చదవడానికి బాగుంది, పస లేదు. ఎదురుగా ఉన్నది మీ శైలి, దాన్ని ఆయన మెచ్చుకున్నారు కూడా. పస అనండి, సరుకు అనండి, అది లేదన్నది ఆ కాగితం గురించి, మీ గురించి కాదు. మీకు ఆ మాట అంత గట్టిగా తగలడానికి కారణం ఆ వారమంతా అదే మాట మిమ్మల్ని ఓడిస్తూ ఉండటం కూడా అయ్యుండొచ్చు.

వ్యాసం నేను రెండుసార్లు చదివాను. దాచకుండా చెప్తున్నాను, మొదటి మూడు పేరాల విషయంలో ఆయన అన్నది నిజమే. పఠనం మనసుకి మేలు చేస్తుంది, పుస్తకం మంచి నేస్తం, నేటి యువత ఫోన్లకి అంటుకుపోయింది, ఇవన్నీ ఎవరైనా రాయగలిగినవి, ఒక్కో వాక్యం పక్కన "మీకెలా తెలుసు?" అని రాసుకుంటూ పోతే దేనికీ జవాబు దొరకలేదు. కానీ నాలుగో పేరాలో చూపు పోయిన మీ తాతయ్యకి రోజూ సాయంత్రం మీరు పుస్తకం చదివి వినిపించేవారని మూడు వాక్యాలు రాశారు. అక్కడ ఆగిపోయాను. ఆయన మీరు తప్పు చదివితే ముందు దగ్గి, ఒక్క క్షణం ఆగి, సరైన మాట తనే చెప్పేవారని రాశారు చూడండి, పస అంటే అది. వ్యాసంలో ఉన్న సరుకంతా ఆ మూడు వాక్యాల్లోనే ఉంది, మీరేమో దాన్ని నాలుగో పేరాలో దాచి, ఐదో పేరాలో మళ్ళీ యువత దగ్గరికి వెళ్ళిపోయారు.

ఎడిటర్ గారికి ఇవాళే ఒక ఉత్తరం రాయండి, "ఏ పేరాల దగ్గర మీకు ఖాళీగా అనిపించింది, తిరగరాసి పంపొచ్చా" అని, అంతే, క్షమాపణలు అక్కర్లేదు. ఆయన జవాబు వచ్చేలోపు మొదటి మూడు పేరాలూ తీసేసి, తాతయ్య దగ్గరే మొదలుపెట్టండి. ఏ పుస్తకం చదివేవాళ్ళు, ఆయన ఎక్కడ కూర్చునేవారు, ఏ పేజీ దగ్గర ఇక ఇవాళ్టికి చాలు అన్నారు, ఆ తర్వాత మీరు ఒక్కరే ఆ పుస్తకం పూర్తిచేశారా లేదా, అవి రాయండి.